గ్రంథాలయమున మరమ్మతు సభ

హిందూపురములోని ఒక యింటిని ఊహించుకొనుడు. ఉదయము ఏడు గంటల వేళ. ఇల్లాలు వేరుసెనగ గింజలు వేయించి, ఎండుమిరపకాయలు చేర్చి, ఊరుబిండి సిద్ధము చేయుటకై మిక్సీలో నిండుగా వేసి మీట త్రిప్పెను. యంత్రము రెండు మారులు మూల్గి ఆగిపోయెను. మరల త్రిప్పినను కదలలేదు. పది సంవత్సరములుగా ఆ యింట కొలువు చేసిన యంత్ర మది. “దాని ఆయువు తీరినదమ్మా, క్రొత్తది కొందము” అని కుమారు డనెను. “పారవేయుటకు తొందర యేల నాయనా? బాగు చేయించినచో ఇంకను కొంతకాలము వచ్చును గదా” అని అవ్వ యనెను. “బాగు చేయించు కూలికి మరికొంత చేర్చినచో క్రొత్తదే వచ్చునేమో” అని తండ్రి సందేహించెను. ముగ్గురి మాటలలోను కొంత న్యాయము కలదు. కాని యంత్రమునకు వచ్చిన లోప మేమో ఆ యింట ఒక్కరికిని తెలియదు. తెలియని రోగమునకు వారు వెల కట్టుచున్నారు.

ఇట్టి సంభాషణము నేడు ప్రతి యూరిలోను జరుగుచున్నది. ఒకనాడు మిక్సీ, ఒకనాడు పంకా, మరియొకనాడు గొడుగు, ఇస్త్రీపెట్టె, చేతిగడియారము, బడిసంచి. వస్తువు చెడిపోవుట క్రొత్త విషయము కాదు. మనుష్యుడు చేసిన వస్తు వేదియు చిరకాలము నిలువదు. క్రొత్తగా వచ్చినది వేరొకటి. వస్తువు ఎట్లు చెడినదో, ఎట్లు బాగుపడునో తెలిసికొనవలెనను తలంపే ఇంటినుండి తొలగిపోవుచున్నది. ఈ తలంపును మరల ఇంటికి తెచ్చుటకై లోకములోని అనేక నగరములందు ఒక చక్కని యేర్పాటు సాగుచున్నది. అదియే మరమ్మతు సభ. అది పెక్కుచోట్ల గ్రంథాలయములందే జరుగుచుండుట మరింత గమనింపదగిన విషయము.

పూర్వము బాగుచేయువాడు ఇంటి ముంగిటికే వచ్చెడివాడు. కళాయి పూయువాడు వీధి మలుపున చిన్న కొలిమి పెట్టి, ఇత్తడి పాత్రను కాచి, నవాసారము చల్లి, కరిగిన తగరమును గుడ్డతో లోపల రుద్దుచుండగా పిల్లలు చుట్టు మూగి చూచెడివారు. కత్తులకు సానపట్టువాడు, గొడుగు కమ్ములు సరిచేయువాడు, చెప్పులు కుట్టువాడు, అరిగిన తిరుగటిరాతికి కక్కు కొట్టువాడు, వీరందరి పనియు పదిమంది కన్నుల యెదుటనే జరిగెడిది. చూచిన పిల్ల లందరును కళాయి పూయుట నేర్చుకొనలేదు. అయినను పాత్రలోని తెల్లని పూత యేమో, అది అరిగినచో పులుసు ఏల చిలుమెక్కునో వారికి తెలిసెడిది. ఆ వీధియే వారికి ఒక పాఠశాల.

నేటి వస్తువుల లోపలి భాగములు కంటికి కనబడవు. కొన్నింటిని మరలతో గాక జిగురుతో అతికింతురు. కొన్నింటి మరలకు సామాన్యమైన తిరుగుడు పనికిరాదు. కొన్నింటి విడిభాగములు అంగడిలో దొరకవు. ఒక చిన్న పలక చెడినచో పెద్ద యంత్ర మంతయు మూల పడును. ఇదంతయు దురుద్దేశముతోనే జరుగుచున్నదని చెప్పరాదు. వస్తువు తేలికగాను, సన్నగాను, నీరు చొరకుండునట్లును ఉండవలెనని కొనువారే కోరుచున్నారు. కాని వస్తువు త్వరగా చెడుటయే లాభమని వర్తకులు తలచిన సందర్భములును చరిత్రలో లేకపోలేదు. 1924లో పేరొందిన విద్యుద్దీప నిర్మాతలు కొందరు జెనీవా నగరమున ఒక ఒప్పందము చేసికొని, బల్బు 1000 గంటలు మాత్రమే వెలుగునట్లు కట్టడి చేసికొనిరి. అంతకు పూర్వము అంతకంటె ఎక్కువ కాలము వెలిగిన బల్బు లుండెడివి. ఎక్కువ కాలము వెలుగు బల్బును చేసిన సంస్థ అపరాధము చెల్లింపవలెనని కూడ వారు నియమ మేర్పరచుకొనిరి.

పారవేసిన వస్తువులు ఎచటికి పోవును? ఐక్యరాజ్యసమితి 2024లో ప్రకటించిన నివేదిక ననుసరించి 2022వ సంవత్సరమున ప్రపంచములో 6 కోట్ల 20 లక్షల టన్నుల విద్యుత్పరికరములు చెత్తలో చేరినవి. వానిని 40 టన్నుల లారీలలో నింపినచో 15 లక్షల 50 వేల లారీలు కావలెను. ఆ లారీలను వరుసగా నిలిపినచో భూమధ్యరేఖ చుట్టును దాదాపు ఒక వలయ మేర్పడును. ఈ చెత్తలో నూటికి 22 పాళ్లకు మించి సక్రమముగా సేకరింపబడి మరల వినియోగమునకు వచ్చినట్లు లెక్క దొరకలేదు. ఆ కుప్పలలో రాగి, వెండి, బంగారము కలవు. సీసము, పాదరసము వంటి విషములును కలవు. పనికివచ్చునవి వ్యర్థమై, విషములు మట్టిలోనికిని నీటిలోనికిని దిగుచున్నవి. వస్తువు నొకదానిని మరి యైదేండ్లు వాడుకొనినచో, ఆ యైదేండ్లు క్రొత్త వస్తువునకై గని త్రవ్వవలసిన పని తప్పును.

ఈ సంగతిని తలపోసి నెదర్లాండ్స్ దేశమున మార్టినె పోస్ట్‌మా అను విలేఖరి 2009వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ నగరములో ఒక సభ నేర్పాటు చేసెను. దానికి ఆమె “రిపేర్ కేఫ్” అని పేరు పెట్టెను. ఒక నాటకశాల ముందరి గదిలో బల్లలు వేసి, పనిముట్లు పెట్టి, కుట్టుపని, వడ్రంగము, విద్యుత్తు పని తెలిసినవారిని కూర్చుండబెట్టిరి. ఊరివారు చెడిన వస్తువులతో వచ్చిరి. ఈ సభకు రెండు ముఖ్య నియమములు కలవు. పని తెలిసినవారు కూలి పుచ్చుకొనరు. వస్తువును తెచ్చినవారు దానిని అప్పగించి వెళ్లిపోరాదు. ప్రక్కనే కూర్చుండి, విప్పుటయందును బిగించుటయందును చేయి కలుపవలెను. రెండవ నియమమే ఈ సభకు ప్రాణము. వస్తువు బాగుపడినను పడకున్నను, తెచ్చినవారు దాని లోపలి సంగతి కొంత తెలిసికొని ఇంటికి పోవుదురు. నేడు ఇట్టి సభలు ప్రపంచమునందు వేల సంఖ్యలో జరుగుచున్నవి.

ఆ 2009లోనే అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో “ఫిక్సిట్ క్లినిక్” అను పేర ఇట్టిదే మరియొక ఏర్పాటు మొదలయ్యెను. అది తరచుగా ప్రజా గ్రంథాలయములందు జరుగుచున్నది. కెనడాలోని టొరంటో నగరమునను మరమ్మతు సభలు గ్రంథాలయ శాఖలలో జరుగుచున్నవి. బర్క్‌లీ నగర గ్రంథాలయము 1979 నుండియే పుస్తకములతో పాటు సుత్తి, రంపము, నిచ్చెన వంటి పనిముట్లను కూడ పాఠకులకు ఎరువిచ్చుచున్నది. ఇవి దూరదేశముల మాటలని త్రోసివేయ నక్కరలేదు. హిందూపురమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరు నగరమందు 2015లో ఇద్దరు మహిళలు పూనుకొని రిపేర్ కేఫ్‌ను ప్రారంభించిరి.

మరమ్మతునకును గ్రంథాలయమునకును సంబంధ మేమి? ఒకచోట నిశ్శబ్దము, మరియొకచోట సుత్తి చప్పుడు. పైకి చూచినచో ఈ రెంటికిని పొత్తు కుదరదు. కాని ఆలోచించినచో ఇంతకంటె దగ్గరి చుట్టరికము లేదు. గ్రంథాలయముకూడ మొదటినుండియు బాగుచేయు స్థలమే. తాళపత్ర గ్రంథములను కాపాడువారు ఆకులకు నిమ్మగడ్డి నూనె పూసి పురుగు పట్టకుండ చేయుదురు. మాసిన గంటపు గీతలలో దీపపు మసి రుద్ది అక్షరములు మరల కనబడునట్లు చేయుదురు. కాగితపు పుస్తకము చినిగినచో పలుచని కాగితపు ముక్కను పిండిజిగురుతో అతికించి ఆరబెట్టుదురు. మెరిసెడి ప్లాస్టిక్ పట్టీని అంటించుట తేలికయే. కాని కొంతకాలమునకు అది పసుపు వన్నెకు మారి, కాగితమునకు మరక వేసి, ఊడిపోవును. పిండిజిగురు అట్లు కాదు, కావలసినప్పుడు తడిపి విప్పవచ్చును. మంచి మరమ్మతు లక్షణ మిదియే. అది వస్తువును నిలుపును, రేపు మరియొకరు చేయబోవు మరమ్మతునకు త్రోవ మూయదు.

ఇంకొక కారణ మున్నది. అంగడిలోనికి పోవువాడు ఏదో యొకటి కొనవలెను. గ్రంథాలయములోనికి పోవువాడు ఏమియు కొననక్కరలేదు. ధనికుడును పేదయు, చదివినవాడును చదువనివాడును ఒకే బల్లయొద్ద కూర్చుండు తావు ఊరిలో అది యొక్కటియే. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును నడపిన పెద్దల యాశయమును ఇదియే. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మున్నగువారు ఊరూర గ్రంథాలయములు నెలకొల్పుటకు పాటుపడిరి. చదువురాని పెద్దలకు చదువు చెప్పించుటయు ఆ ఉద్యమములో ఒక భాగమే. పాఠకులు పుస్తకమునొద్దకు రాలేనిచో పుస్తకమే వారియొద్దకు పోవలెనని 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా కాలువలో పడవమీద గ్రంథాలయమును నడపించెను. జ్ఞానము కొందరి సొత్తుగా నుండరాదనునదే వారి తపన. ఆ తపన అచ్చుపుస్తకముతోనే ముగియవలసిన పని లేదు. చేతిపనిలోని జ్ఞానమును జ్ఞానమే గదా!

1948లో మద్రాసు రాష్ట్రమున ఎస్. ఆర్. రంగనాథన్ గారి కృషి ఫలితముగా ప్రజా గ్రంథాలయముల చట్టము వచ్చెను. నాడు అనంతపురము జిల్లా మద్రాసు రాష్ట్రములోనిదే. 1960లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకముగా చట్టము చేయబడెను. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున ప్రజలు చెల్లించు గ్రంథాలయపు పన్నుతోడనే శాఖా గ్రంథాలయములు నడుచుచున్నవి. కనుక ఆ భవనముపై ఊరిలోని ప్రతి యింటికిని హక్కు కలదు.

పదుగురు కూడి బాగుచేసికొనుట ఈ ప్రాంతమునకు పరదేశపు నేర్పు కాదు. ‘మరమ్మతు’ అరబ్బీ భాషనుండి వచ్చిన మాట. చిరకాలము క్రిందటనే అది తెలుగు పల్లెలలో పాతుకొనినది. ‘కుడిమరామత్తు’ అను నాచార మొకటి దక్షిణదేశమున ఉండెడిది. ‘కుడి’ యనగా ఇచట రైతుజనము. వానలు పడకముందే రైతులందరు కూడి, ఇంటికి ఇంతమంది యని లెక్క వేసికొని, చెరువుకట్టకు మట్టి పోసి, కాలువల పూడిక తీసెడివారు. ఈ పనిని గూర్చి 1858లో మద్రాసు ప్రభుత్వము ఒక చట్టమునే చేసెను. వాన తక్కువగా కురియు ఈ సీమలో చెరువు తెగినచో ఆ యేటి పంట పోయినట్లే. కనుక చెరువు మరమ్మతు ఒకరి పనియని విడిచిపెట్టక అందరి పనిగా చేసిరి.

2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణములను చూడుడు. పెనుకొండ విజయనగర రాజులకు ముఖ్యమైన దుర్గము. 1565 నాటి యుద్ధము తరువాత రాజధానియే అచటికి మారెను. 1388 నాటి శాసన మొకటి చెప్పుచున్న విషయము వినదగినది. పెనుకొండను ఏలుచుండిన రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు, ప్రజలకు నీరే ప్రాణమని తలచి, కాలువద్వారా నదీజలమును పెనుకొండకు తెమ్మని ఆజ్ఞ యిచ్చెను. ఆ పని చేసినవాడు జలసూత్రము నెరిగిన సింగాయభట్టు. రాజు పేరుతో పాటు పని తెలిసినవాని పేరును రాతిపై చెక్కిరి. ఆ పెనుకొండ సమీపముననే 2019లో మోటారుకార్ల కర్మాగారము ప్రారంభమైనది. అచట వేల భాగములను కూర్చి కారుగా చేయుదురు. కూర్చుట తెలిసిన చేతులకు విప్పుటయు తెలియును.

ధర్మవరము పట్టుచీరలకు పేరుగన్న పట్టణము. అచటి నేతగానికి అతుకుట నిత్యకృత్యము. నేయుచుండగా పడుగులో ఒక పోగు తెగినచో అతడు మగ్గము నాపి, తెగిన కొసలను వెదకి పట్టి, ముడివేసి, మరల సాగించును. ఒక పడుగు ముగిసిన పిమ్మట క్రొత్త పడుగు పోగులను పాత కొసలతో ఒక్కొక్కటిగ మెలివేసి కలుపుదురు. పోగులు వేలకొలది. ఒక్కటి తప్పినను చీరలో గీత పడును. జకార్డు యంత్రములోని అట్ట యొకటి చినిగినచో అంచులోని పువ్వు తప్పుగా పడును. తప్పు కనబడినచోట గాక, తప్పు పుట్టినచోట వెదకవలెనని ధర్మవరపు నేతగాడు ఏ పుస్తకమును చదువకయే ఎరుగును. బాగుచేయు విద్యలో మొదటి సూత్ర మదియే.

హిందూపురము వర్తకపు పట్టణము. బెల్లము, చింతపండు, మిరపకాయల బస్తాలు అచటి అంగడికి వచ్చుచుండును. బండ్లు, త్రాసులు, కుట్టుయంత్రములు, మోటారులు ఎక్కువగా నున్న ఊరిలో వానిని బాగుచేయువారును ఉందురు. సందులలోని ఇరుకు కొట్లలో వారు దినమెల్ల పనిచేయుచుందురు. వారి పేర్లను ఏ రాతిపైనను చెక్కలేదు.

ఇట్టి పట్టణములలోని శాఖా గ్రంథాలయమున ఒక ఆదివారము మరమ్మతు సభ జరిగిన దనుకొందము. దానికి పెద్ద యేర్పాటు లక్కరలేదు. నాలుగు బల్లలు, మంచి వెలుతురు, ఒక పుస్తకము, కొన్ని పనిముట్లు చాలును. వాకిటి బల్లయొద్ద ఒక విద్యార్థి కూర్చుండి వస్తువు పేరు, వచ్చిన లోపము, తెచ్చినవారి పేరు వ్రాసికొనును. ఒక బల్లపై పుస్తకముల మరమ్మతు. ఒక బల్లపై బట్టలు, సంచులు. ఒక దానిపై సైకిలు చక్రములు. ట్యూబును నీటిలో ముంచి బుడగలు వచ్చుచోటు గుర్తించుట, అచట గరుకుకాగితముతో రుద్దుట, పూసిన జిగురు కొంత ఆరువరకు ఆగి పిమ్మట అతుకు వేయుట, ఇవి పదేండ్ల బాలుడును నేర్వదగినవి. జిగురు ఆరకముందే తొందరపడి అంటించినచో అతుకు నిలువదు. ఓర్పుకూడ ఒక పనిముట్టే.

నాలుగవ బల్లపై విద్యుత్పరికరములు. ఇచట పని తెలిసిన పెద్దలే ముందుండవలెను. పరికరమును తెరచుటకు ముందు తీగను గోడనుండి తీసివేయవలెను. మీట ఆపిన మాత్రమున చాలదు. తీగ తీసిన పిమ్మటకూడ కొన్ని పరికరములలోని కెపాసిటరునందు విద్యుత్తు నిలిచియుండును. మైక్రోవేవ్ పొయ్యిని తెరచుట ప్రాణాపాయకరము. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీని నొక్కుటగాని పొడుచుటగాని చేసినచో మంటలు లేచును. ఇట్టివానిని ముట్టక తగిన నిపుణునికి చూపవలెను. ఏది చేయవచ్చునో తెలియుట ఎంత ముఖ్యమో, ఏది చేయరాదో తెలియుటయు అంత ముఖ్యము.

ఈ యేర్పాటునకు ఒక ఆక్షేపణ కలదు. అది చిన్నది కాదు. గ్రంథాలయములో ఉచితముగా బాగుచేసినచో సందులోని కొట్టువాని జీవన మేమి కావలెను? పంకా బాగుచేసిన దినమున వచ్చు కూలితోనే అతని యింట పొయ్యి వెలుగును. మనము ధర్మకార్య మనుకొని అతని కూడు తీయుట ధర్మమా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పక సభ పెట్టుట తగదు.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. ఐరోపా నగరములలో కూలి ఎక్కువయై, బాగుచేయు కొట్లు చాలవరకు మూతపడిన పిమ్మట ఈ సభలు పుట్టినవి. బాగుచేయువాడు పోయినందున సభ అచట అవసరమయ్యెను. ఇచట అతడింకను ఉన్నాడు. కనుక అతడు పోకుండుటకై సభ జరుగవలెను. దూరదేశపు ఏర్పాటును ఉన్నది ఉన్నట్లు తెచ్చి నాటినచో అది ఇచటి మొక్కను చంపవచ్చును. సభలోని ముఖ్యాసనము కొట్టువానిదే కావలెను. అతడు ఉచితముగా పనిచేయువాడుగా గాక, గురువుగా రావలెను. గురువునకు దక్షిణ యిచ్చుట ఈ దేశపు మర్యాద. ఆ దినపు కూలికి తగ్గని మొత్తమును చందా వేసియైన సమర్పింపవలెను. ఒక గంటలో నేర్వదగిన చిన్న పనులే సభలో చేయవలెను. మోటారు తీగ చుట్టుట వంటి పెద్ద పనులు వచ్చినచో, ఊరిలో ఆ పని చేయువారి పేర్లు, కొట్ల చిరునామాలు గ్రంథాలయపు పలకపై వ్రాసి పంపవలెను. ఇట్లు చేసినను కొంత నష్టము అతనికి కలుగవచ్చును. కాని వస్తువులు బాగుచేయదగినవని ఊరు మరచినచో అతనికి కలుగు నష్టము అంతకంటె పెద్దది.

ప్రభుత్వములును ఈ దిక్కున అడుగులు వేయుచున్నవి. ఫ్రాన్సులో 2021 నుండి కొన్ని పరికరములపై అవి ఎంత సులభముగా బాగుపడునో తెలుపు మార్కులు చూపవలెనను నియమము కలదు. భారత ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, ఆ యేటి డిసెంబరు 24వ తేదీన ఆ విషయమై ఒక వెబ్‌సైటును ప్రారంభించెను. ఐరోపా సమాఖ్య 2024లో వస్తువుల మరమ్మతును ప్రోత్సహించు శాసనము చేసెను. విడిభాగములు దొరకవలెననియు, యంత్రపు పటములు అందుబాటులో నుండవలెననియు ప్రజలు కోరుట న్యాయమే. కాని శాసనము హక్కును మాత్రమే ఈయగలదు. నేర్పును ఈయజాలదు. అది చూచుటవలనను చేయుటవలనను రావలసినదే.

బాగుచేయ బూనిన ప్రతి వస్తువును బాగుపడదు. కొన్నింటికి కాలము నిజముగనే తీరియుండును. అట్టివానిని చెత్తకుప్పపై వేయక విద్యుత్పరికరములను సేకరించువారికి అప్పగింపవలెను. సభలో విప్పి చూచి, “ఇది యింక పనికిరాదు” అని తెలిసికొనుటయు ఒక లాభమే. ఊహించి పారవేయుట వేరు, తెలిసి విడిచిపెట్టుట వేరు.

హిందూపురపు మిక్సీ మాట మరచితిమి. అవ్వయు, మనుమడును దానిని గ్రంథాలయమునకు తెచ్చిరనుకొందము. బల్లయొద్ద కూర్చున్న పెద్దమనుష్యుడు ఆ వీధిలోనే మోటారులు బాగుచేయువాడు. బాలుడు ప్రతిదినము అతని కొట్టుముందునుండియే బడికి పోవుచున్నను ఏనాడును ఆగి చూడలేదు. అతడు యంత్రమును తెరువలేదు. తలక్రిందులు చేసి, అడుగున నున్న చిన్న ఎఱ్ఱని మీటను బాలునికి చూపెను. “మోటారుపై బరువు మించినప్పుడు అది కాలిపోకుండ ఈ మీట తానే విద్యుత్తును ఆపివేయును. కొంతసేపు చల్లారనిచ్చి దీనిని లోనికి నొక్కుము” అని చెప్పెను. బాలుడు నొక్కెను. తీగ తగిలించి త్రిప్పగా యంత్రము తిరిగెను.

“ఇంతేనా, నాయనా!” అని అవ్వ నవ్వెను.

“ఇంతే, అవ్వా. ఊరుబిండి గట్టిది గదా. గింజలు నిండుగా వేయక, కొంచెము కొంచెముగా వేయించుము” అని అతడు పలికెను. పిమ్మట జాడీ అడుగున నున్న రబ్బరు బిళ్ల పండ్లను వ్రేలితో తడవి, “ఇది అరుగుచున్నది. ఇంకొక యేడు వచ్చును. అరిగినప్పుడు ఈ బిళ్ల ఒక్కటియే మార్చుకొనవలెను” అని బాలునికి చూపెను.

వాకిటి బల్లయొద్ద నున్న పుస్తకములో బాలుడు ఇట్లు వ్రాసెను: “వస్తువు: మిక్సీ. లోపము: ఏమియు లేదు. తెలియకపోవుట.” మరుసటి వారము ప్రక్కయింటివారి నీటి మోటారు కాలిపోయి, వారు క్రొత్తది కొనబోవుచుండగా, ఆ బాలుడే వారిని వెంటబెట్టుకొని ఆ కొట్టునకు పోయెను. ఈసారి అతడు వాకిట నిలిచి, తీగ చుట్టుట ముగియువరకు చూచుచుండెను.

ప్రశ్నలు

1. మిక్సీని గూర్చి ఆ యింటి ముగ్గురు పలికిన మాటలలో ఏది సరియైనది? ఏల?
2. మరమ్మతు సభలో వస్తువు తెచ్చినవారు ప్రక్కనే ఏల కూర్చుండవలెను?
3. గ్రంథాలయముకూడ బాగుచేయు స్థలమే యని పాఠములో ఎట్లు నిరూపింపబడినది?
4. కొట్టువాని జీవనమును గూర్చిన ఆక్షేపణకు చెప్పిన సమాధానము మీకు తృప్తి కలిగించినదా? మీ యభిప్రాయమును కారణములతో వ్రాయుడు.
5. మీ యింటిలోని ఒక పాత వస్తువును ఎన్నిమార్లు, ఎవరు, ఎట్లు బాగుచేసిరో పెద్దలనడిగి తెలిసికొని పది వాక్యములు వ్రాయుడు.